దొర మెచ్చిన ఎదుర్కోళ్ల పాట

చాయ్ గిలాసలు జర కింద పెట్టుండ్రి. నవ్వితే మీద పడ్తది, మల్ల నన్నంటరు. నాకైతే గా దినం నవ్వు రాలె. నేను తుపాకి పట్టలె, కాయిదాలు పంచలె, ఎవ్వన్నీ ఒక్క మాట అనలె. ఉత్త క్లారినెట్ ఊదిన! ఊది, నాతోని పాటు సగం మెదకును జైలుకు తోలుకపోయే పని చేసిన!

మొదటి సంది చెప్త, వినుండ్రి.

మా బ్యాండు మేళం సంగతి మీకు తెల్వంది కాదు. ఒకప్పుడు ఏడుగురం. పెండ్లిళ్ల దినాలొస్తే ఇంట్ల కూసోని బువ్వ తినే తీరిక లేకుండె. మిషన్ బడిల క్లారినెట్ నేర్సుకున్నోన్ని, నాకేంది, ఊపిరి ఉన్నన్ని దినాలు కూడుంటదనుకున్న. ఇగ రెండేండ్ల సంది ఏమైందో చూస్తనే ఉంటిరి. ఒక దిక్కు రజాకార్లు, ఇంకో దిక్కు ఎర్రజెండా సంఘపోళ్లు, నడుమ పోలీసోళ్లు. బారాత్ తీసేటందుకు ఎవనికి ధైర్యం? మాకు ఎక్కువ పని ఇచ్చే దేశ్‌ముఖులు పట్నం పోయి కూసున్నరు. ఉన్నోళ్లు తలుపులు పెట్టుకోని పెండ్లి చేసుడు. పుస్తె కట్టంగనే "సప్పుడు చెయ్యకుండ్రి, సప్పుడు చెయ్యకుండ్రి" అనుడు. సప్పుడు వద్దంటే మేమెందుకు?

ఇగ జర శాంతి అయిందంటే, బజార్ల వీరయ్య గ్రామఫోన్ తెచ్చె! గుమ్మడిపువ్వంత నోరున్న పెట్టె. కిరాయికి ఇస్తుండు. దానికి దస్తీ ఇచ్చేది లేదు, భోజనం పెట్టేది లేదు, పాన్ తెప్పిచ్చేది లేదు. తాళం తిప్పితే పట్నం గాయకులు పాడ్తరు. ఒక పెండ్లిల నేనే చూసిన, జనం ఆ పెట్టె నోట్లకు తొంగి చూస్తున్నరు, లోపల మనిషున్నడేమోనని. పక్కకు నిజం మనిషిని నేను నిలబడ్డ, నన్నెవలు చూడలె!

ఏడుగురిల ఒకడు కుట్టుమిషన్ పట్టిండు. ఒకడు టూరింగ్ టాకీసుల టికెట్లు చింపుతుండు. ఇద్దరు వ్యవసాయం చేస్తమని టేక్మాల్ దిక్కు పోయిన్రు. మిగిలింది ముగ్గురం. నేను, పెద్ద డోలు కొట్టే చాంద్ మియా చాచా, చిన్న డ్రమ్ము సాయిలు. నేను ఆదివారం చర్చిల హార్మోనియం వాయిస్త, కానీ దాని ఫలం పరలోకంలనట. ఈ లోకంల మా ఇల్లు నడిచేది నా భార్య మార్తమ్మ దవాఖానల ఆయా పని చేస్తే. "ఊపిరి తోని బతుకుత అన్నవ్, నా రెక్కల తోని బతుకుతున్నవ్" అంటది. ఏమంట? నిజమే గద.

గసుంటప్పుడు వచ్చిండు తహసీలు కచేరీల పేష్కారు నర్సింగరావు.

"సామేలు, ఎల్లుండి కొత్త ఆఫీసరు వస్తుండు. మద్రాసు దిక్కు నుంచి పంపిన్రు. కచేరీ ముందట స్వాగతం చెయ్యాలె. మీ బ్యాండు కావాలె."

నాకు నమ్మబుద్ధి కాలె. "వీరయ్య పెట్టె లేదా సాబ్?" అన్న.

"పెట్టె పెడ్తె మర్యాదనా? ఆఫీసరు పెట్టెకు సలాం కొడ్తడా? మనుషులు గావాలె. మంచిగ వాయించిన్రనుకో, ఇగ సర్కారు సభలు, జల్సాలు ఏమున్నా మీకే. నేను రాసుకుంట."

సర్కారు జల్సాలు! ఏడాదికి ఎన్నుంటయి! నాకు కండ్లు తిరిగినయి.

"ఏం వాయియ్యాలె సాబ్?"

"కొత్త సర్కారు పాట."

"అదెట్లుంటది?"

"నాకెట్ల ఎరుక? బ్యాండోళ్లు మీరా, నేనా?" అనుకుంట పోయిండు. మల్ల నాలుగడుగులు ఎనుకకొచ్చి, "ఆఫీసరును హుజూర్ అనకుండ్రి. సార్ అనుండ్రి. యాది పెట్టుకో" అన్నడు. ఆ మాట తనకు తాను చెప్పుకున్నట్టే ఉండె.

సరే, పాట సంగతి తర్వాత. ముందుగాల చాంద్ మియా చాచను ఒప్పియ్యాలె. పోలీస్ యాక్షన్ అయ్యి నిజాం సర్కారు పోయిన కాడికెల్లి ఆయన గల్లీ దాటలె. డోలు మంచం కిందికి నూకి, మీద గోనెసంచి కప్పిండు. తలుపు కొడ్తె మొదలు సందులకెల్లి చూస్తడు, తర్వాత తీస్తడు.

"నై బేటా," అన్నడు. "గిప్పుడు నా మొకం ఎవ్వలకు కనిపియ్యకుంటేనే మంచిది. రజాకారని ఎవడన్న ఒకడు ఏలు చూపిస్తే చాలు. అడిగేటోడు లేడు, చెప్పేటోడు లేడు."

"చాచా, నువ్వు ఎవ్వలకు ఏం జేసినవ్? డోలు కొట్టినవ్."

"ఎవలి ముందట కొట్టిన? అది చూస్తరు."

నేను కూసోని గంట సేపు బతిమాలిన. నువ్వు లేకుంటే దరువు లేదు, దరువు లేకుంటే బ్యాండు లేదు, ఈ ఒక్క దినం మంచిగ పోతే ముగ్గురికి కూడు దొరుకుతదన్న. ఆఖరుకు, "చాచా, నీకేం గాకుండ నేను చూసుకుంట. నా మీద ఇడువు" అన్న. చూసిన్రా, నా నోటి దురద! ఆయన నా మొకం చూసి మంచం కిందికెల్లి డోలు గుంజిండు.

మల్ల బట్టల పంచాయితీ. మా బ్యాండు కోట్లు ఎర్రయి. సాయిలు అన్నడు, "అన్నా, ఎర్రకోట్లేస్కుంటే సంఘపోళ్లనుకోని కాలుస్తరు." టోపీలకేమో పసుపుపచ్చ కుచ్చులు, పాత సర్కారు గుర్తు. అవి పెట్టుకుంటే ఇంకో లొల్లి. అన్నీ ఇడిసిపెట్టి చర్చిల పాటలు పాడేటోళ్ల తెల్ల అంగీలు అడుక్కొచ్చిన. చాంద్ మియా చాచకు అది మోకాళ్ల కింద దాకా వచ్చింది. అద్దంల చూసుకోని, "యా అల్లా, నన్ను పాదిరిని జేసినవా?" అన్నడు. అప్పుడొక్కసారి నవ్వినం.

పాట కూడా కుదిరింది. మిషన్ బడిల పిల్లలకు కవాతు చేయించేటప్పుడు వాయించే ఒక మార్చ్ ఉంటది. ఎవ్వలికీ కోపం రాని పాట. రెండు దినాలు దాన్నే తోమినం. నిద్రల లేపి అడిగినా వాయించేటట్టు అయినం.

ఇగ గా దినం. కచేరీ ముందట తోరణాలు, ముగ్గులు. జనం బాగనే వచ్చిన్రు. పాత నౌకర్లందరు వరుసల నిలబడ్డరు, మొకాలల్ల నెత్తురు సుక్క లేదు. ఎవలి నౌకరి ఉంటదో ఎవలిది పోతదో ఆ ఆఫీసరు చేతులనే ఉండె మరి. పేష్కారు చేతిల బంతిపూల దండ. తెల్వకుండనే పూలు ఒక్కొక్కటి తెంపుతుండు.

మీకొక సంగతి చెప్పాలె. ఎనుకట గదే కచేరీ ముందట పెద్ద ఆఫీసరు ఎవలు దిగినా ఒకటే పద్ధతి. మోటరు ఆగంగనే జమేదారు "హోషియార్!" అని కేకేస్తడు. కేక పడంగనే మేము నిజాం సలామీ, గదే పాత సర్కారు పాట, వాయిస్తం. అది అయ్యేదాంక అందరు చేతులు పక్కలకు పెట్టుకోని గుంజల లెక్క నిలబడ్తరు. పన్నెండేండ్లు వాయించిన నేను. చాచ అయితే ముప్పై ఏండ్లు.

జీపు వచ్చింది. ఆగింది. తలుపు తెరుసుకున్నది.

జమేదారు కూడ పాతోడే గద! వానికేం యాదికొచ్చిందో, గుండె నిండ గాలి పీల్సి "హోషియార్!" అని ఒక్క కేక!

ఇగ సూడుండ్రి. నా ఏళ్లు నన్ను అడుగలె. నా నోరు నన్ను అడుగలె. రెండు దినాలు తోమిన మార్చ్ యాడ పోయిందో! క్లారినెట్ లకెల్లి నిజాం సలామీ ఎళ్లింది! ఎనుకకెల్లి చాచ డోలు, దానిదే దరువు, ధన్ ధన్ ధన్! సాయిలు డ్రమ్ము గర్ర్ర్ మని! మా ముగ్గురి చేతులు అంత జతగ ఏనాడు పడలె, నిజం చెప్తున్న!

రెండు వరుసలయినంక నా చెవులకు వినపడ్డది. అయ్యో, ఏం వాయిస్తున్న? పక్కకు చూస్తే చాచ మొకం సున్నం లెక్క అయింది. చెయ్యేమో కొడ్తనే ఉన్నది. ఆపుదామా? నడిమిట్ల ఆపితే తప్పు చేసినమని మేమే చాటింపేసినట్టు. మెల్లగ మార్చ్ లకు మలుపుదామని ఒక వంపు తిప్పిన. సాయిలు గానికి ఏం తెలుస్తది, వాడు పాత దరువునే పట్టుకున్నడు. తిరిగి తిరిగి మల్ల అక్కడికే వచ్చిన. ఎద్దు గానుగ చుట్టు తిరిగినట్టు!

ఇగ జనం సంగతి. జనం గూడ మా అసుంటోళ్లే! పాత నౌకర్లు, పోలీసోళ్లు, చప్రాసీలు, అందరు ఒక్కసారే సర్రున నిటారుగ అయిన్రు. చేతులు పక్కలకు. గడ్డాలు పైకి. పేష్కారు దండ పట్టుకోని ముందటికి పోయేటోడు అడుగు మధ్యల బిగుసుకపోయిండు. దండ చేతికి ఏలాడుతున్నది. దండ ఎయ్యాలె, కానీ సలామీ నడుస్తుంటే కదలొద్దు. కదలొద్దు, కానీ ఇది వాయియ్యనే వద్దు! ఆయన కండ్లు నా మీద పడ్డయి. గా చూపు నేను సచ్చేదాంక మర్వ.

ఆఫీసరు పాపం ఇటు చూసిండు, అటు చూసిండు. అందరు గట్ల నిలబడితే తానెందుకు కదలాలె అని తాను గూడ జీపు పక్కకు నిటారుగ నిలబడ్డడు!

పాట అయిపోయింది. పేష్కారు ఉరికి దండ మెడల ఎయ్యబోయి టోపీకి తగిలిచ్చిండు. ఆఫీసరు సదురుకోని సీదా మా దిక్కు నడిసి వచ్చిండు. బూట్ల సప్పుడు టక్కు టక్కు.

"ఈ బ్యాండుకు మాస్టారు ఎవరండీ?"

అందరి కండ్లు చాంద్ మియా చాచ మీద పడ్డయి. పెద్దమనిషి, తెల్లగడ్డం, పెద్ద డోలు. చాచ డోలు అడ్డం పెట్టుకోని ఎనుకకు జరిగిండు. మంచం కిందున్న డోలు, తలుపు సందులకెల్లి చూసే మనిషి... బయటికి గుంజుకొచ్చింది నేనే గద.

ఒక్క అడుగు ముందటికేసిన. "నేను సార్. వాయించింది నేను. వీళ్లకేం ఎరుక లేదు. తప్పైంది సార్."

"తప్పా? ఏం తప్పు?" అన్నడు.

ఇగో, గిక్కడనే నా ధైర్యం అయిపోయింది. "మూడో చరణంల... జర శ్రుతి తప్పింది సార్."

"నాకేం తెలియలేదే! బ్రహ్మాండంగా ఉంది. ఇంతకూ ఏమిటా పాట?"

నేను క్లారినెట్ తుడుసుడు మొదలువెట్టిన. పేష్కారు ఆకాశం చూస్తుండు. గప్పుడు సాయిలు, జిందగీల ఒక్క పాట పేరు తెల్వనోడు, టక్కున అన్నడు: "ఎదుర్కోళ్ల పాట దొరా! పెండ్లికొడుకు ఊర్లకు రాంగనే వాయిస్తం."

"ఎదురుకోలు పాటా!" ఆఫీసరు మొకం ఎలిగిపోయింది. "ఎంత బాగుందయ్యా! పాట వినేటప్పుడు ఇంతమంది కదలకుండా నిలబడి గౌరవించడం మా వైపు నేనెక్కడా చూడలేదు. మెదకు వాళ్లకు సంగీతమంటే ఇంత మర్యాదా! ఏదీ, ఇంకొక్కసారి వాయించండి."

ఇంకొక్కసారి!

పేష్కారు దిక్కు చూసిన. ఆయన తల అడ్డం ఊపిండు. ఆఫీసరు ఎనుకకు తిరిగి చూస్తే నిలువు ఊపిండు. నేను క్లారినెట్ నోట్ల పెట్టుకోని చాచకు మెల్లగ అన్న, "చాచా, దరువు మార్చు. పెండ్లి దరువు కొట్టు." చాచ కండ్లు మూసుకోని కొట్టిండు, ఉరుకుల పరుగుల దరువు. మల్ల గదే సలామీ, కానీ గంతులేసుకుంట! పాత నౌకర్లకు ఏం చెయ్యాల్నో తెల్వలె. పైనుంచి నడుము దాంక గుంజల లెక్క ఉన్నరు, కింద కాళ్లు ఊగుతున్నయి. ఆఫీసరు చిటికెలేసుకుంట కచేరీలకు పోయిండు.

ఆ దినం సంది నాకు బువ్వ పోలె. ఎవడో ఒకడు చెప్తడు గద, సార్, గది ఎదుర్కోళ్లు కాదు, గిది ఫలానా అని. చెప్పినోనికి ఇనాం గూడ దొరుకుతది. చాచ ఇంటికి పోతే తలుపు తియ్యలె. లోపలికెల్లే, "బేటా, నువ్వు పో. ఇద్దరం ఒక్క తాన కనిపియ్యొద్దు" అన్నడు. గా మాటకు నాకు దెబ్బ కొట్టినట్టయింది. తలుపుకు చెయ్యి ఆనిచ్చి, "మాఫ్ చెయ్యి చాచా" అన్న.

మూడో దినం పొద్దుగాల తలుపు కొట్టిన్రు. సందులకెల్లి చూస్తే పేష్కారు, ఎనుక ఒక జవాను! నేను మార్తమ్మకు అన్న, "ఇగ అయింది. దుప్పటి ఇయ్యి, లోపల చలిగుంటదట." ఆమె దుప్పటి, బైబిలు, రెండు రొట్టెలు ఇచ్చింది. ఏడ్వలె. "క్లారినెట్ ఇడిసిపెట్టి పో. గాడ గూడ గదే వాయిస్తవ్" అన్నది.

దుప్పటి సంకల పెట్టుకోని తలుపు తీసిన.

"యాడికి ప్రయాణం?" అన్నడు పేష్కారు.

"మీరు యాడికి తోలుకపోతే గాడికి సాబ్."

"పిచ్చోడా! సావుకారి రాజయ్య బిడ్డ పెండ్లి. ఆఫీసరును పిలిచిండు. ఆఫీసరు ఏమన్నడో ఎరుకనా? ఆ ఎదురుకోలు పాట ఉంటే తప్పకుండా వస్తానండీ అన్నడు. రాజయ్య పరేషాన్ అయితుండు. వీరయ్య పెట్టెతోని గా పాట ప్లేటు గూడ వచ్చెనట, ఎవలన్న చూస్తరని భయానికి ముక్కలు జేసి బాయిల పారేసిండు. ఇప్పుడు ఊర్లె గా పాట ఉన్నది మీ ముగ్గురి చేతులల్లనే. వస్తరా, రారా?"

జవాను ఎందుకంటే, మమ్మల్ని మర్యాదగ తోలుకపోయేటందుకట!

ఈసారి చాచ తలుపు తీసిండు. మొత్తం విని డోలు ఒళ్లె పెట్టుకోని ఏళ్లతోని మెల్లగ కొట్టుకుంట అన్నడు, "ముప్పై ఏండ్లు ఈ పాటకు తల పైకెత్తి నిలబడ్డ బేటా. మా అబ్బా గూడ నిలబడ్డడు. పెండ్లి పాట అయితదని కలల గూడ అనుకోలె." నవ్విండో, ఏడ్చిండో, నాకు తెల్వలె. అయినా కూసోని దరువంత కొత్తగ కట్టిండు. పాట మొదలు మార్చినం, కొస మార్చినం. ఇగ మమ్మల్ని కన్న తల్లి గూడ గుర్తు పట్టదనుకున్నం.

పెండ్లి దినం పెండ్లికొడుకు గుర్రం మీద వచ్చిండు. ఆఫీసరు ముందటి కుర్చీల కూసున్నడు. ఆయన పక్కకు ఇంకో పెద్దమనిషి, షేర్వాణీల. ఎవలని అడిగితే పట్నం నుంచి వచ్చిన పెద్ద ఆఫీసరు, పాత సర్కారుల ఇరవై ఏండ్లు చేసి కొత్త సర్కారుల గూడ నౌకరి నిలుపుకున్నోడు అన్నరు. ఆయనకు తెల్వకుంటే ఇంకెవలికి తెలుస్తది?

మొదలువెట్టినం. నాలుగు దరువులు పడ్డయో లేదో, షేర్వాణీ పెద్దమనిషి కుర్చీలకెల్లి స్ప్రింగ్ లెక్క లేసి నిలబడ్డడు! చేతులు పక్కలకు. గడ్డం పైకి. కొత్త దరువు, కొత్త కొస, ఏదీ పనికి రాలె. ఆయన ఒంటికి అర్థమైపోయింది. లేసినంక ఆయన తలకు అర్థమైంది! కండ్లు పెద్దగ చేసి నన్ను చూసిండు. నేను ఆయనను చూసిన. క్లారినెట్ ఊదుకుంటనే మొక్కిన, కండ్లతోని.

మా ఆఫీసరు ఆయన దిక్కు తిరిగి, "ఏమండీ, మీకు కూడా ఈ పాట తెలుసా?" అన్నడు.

నా పానం క్లారినెట్ మొన మీదికొచ్చింది. ఆయన నోరు తెరిస్తే నేను పోయిన. కానీ నన్ను పట్టియ్యాలంటే తానెందుకు లేసిండో గూడ చెప్పాలె గద! మెల్లగ షేర్వాణీ గుండీలు సర్దుకోని, "బహుత్ ఖూబ్. చాల పాత... ఎదుర్కోళ్ల పాట" అన్నడు. అని కూసోలె. పాట అయిపోయేదాంక గట్లనే నిలబడ్డడు. ఆయన నిలబడ్డడని పెండ్లి పెద్దలందరు నిలబడ్డరు. కూసున్నది గుర్రం మీది పెండ్లికొడుకు ఒక్కడే!

ఆ పెండ్లికి నిజాంపేట, ఏడుపాయల దిక్కుకెల్లి వచ్చిన చుట్టాలు పోయి చెప్పిన్రు, మెదకుల ఒక బ్యాండు ఉన్నది, ఎంత పెద్ద ఆఫీసరైనా లేసి నిలబడేటట్టు వాయిస్తదని. గంతే! ఈ రెండు నెలలల్ల ఆరు పెండ్లిళ్లకు పోయినం. అందరిది ఒకటే మాట, "దొర మెచ్చిన పాట వాయించుండ్రి." దర్జీ అయినోడు మొన్న వచ్చి మల్ల బ్యాండుల చేర్సుకుంటవా అన్నడు. చాచ గల్లీ దాటి నడుస్తుండు. నాకైతే ఇప్పటికీ ప్రతి పెండ్లిల గుండె దడదడనే. మొదలు జనంల షేర్వాణీలు ఎన్నున్నయో లెక్క పెట్టుకుంట, తర్వాతనే ఊదుత.

నిన్న మార్తమ్మ చాటల బియ్యం చెరుగుకుంట నా దిక్కు చూసింది. "ఇన్నేండ్లు మంచిగ వాయించి ఏం తెచ్చినవ్? ఒక్కసారి తప్పు వాయించినవ్, ఇల్లు నడుస్తున్నది," అన్నది. పొట్టు ఊది, "వచ్చే నెల ముహూర్తాలు లేవట. ఇంకేమన్న తప్పు యాదికొస్తుందా?"